బంజరు నేలలో పక్షుల పద్దు

రెవెన్యూ దస్తరములలో ‘బంజరు’ అను మాట యొకటి కలదు. దున్నని నేల, శిస్తు రాని నేల, ఎవరికిని అక్కరకు రాని నేల అని దాని భావము. కర్నూలు, కడప ప్రాంతములలో ఇట్టి నేలకు లోటు లేదు. నంద్యాల, నందికొట్కూరుల నడుమ ప్రయాణించు బాటసారికి నల్లరేగడి చేల ప్రక్కనే గడ్డితో నిండిన బయళ్లు కనబడును. సిద్ధవటము దాటి బద్వేలు వైపు పోవువానికి లంకమల కొండల క్రింద కలివి పొదలు, తుమ్మలు, రేగుకంపలు, వాని సందులలో గులకరాళ్ల నేల కనబడును. “ఇచ్చట నేమున్నది?” అని అతడు బండి నాపకయే సాగిపోవును.

ఈ రెండు చోట్లను ప్రపంచమందలి పక్షిశాస్త్రజ్ఞు లెరుగుదురు. మొదటిది రోళ్లపాడు పచ్చికబయలు. రెండవది కలివికోడి యునికిపట్టు. దూరదేశముల వారెరిగిన యీ సంగతి చుట్టుపట్ల పాఠశాలలలో చదువు బాలబాలికలకు అంతగా తెలియకుండుట విచారకరము. ఈ కొరత తీర్చుటకు పెద్ద వ్యయ మక్కరలేదు. నెలకొక యుదయమున పదిమంది కలిసి పక్షులను చూడబోవుటయు, చూచినదానిని వ్రాసి యుంచుటయు చాలును.

పక్షులను చూచుట పనిలేనివారి వినోదమని తలచువారు పలువురు కలరు. “వానలు లేక పైరులు ఎండుచుండగా, పొట్ట చేతబట్టుకొని జనులు వలసపోవుచుండగా, పిట్టలను లెక్కించుటయా?” అని వారడుగుదురు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. పూర్వము పక్షుల పరిశీలనము దొరలకును, తుపాకి చేతబట్టిన వేటకాండ్రకును చెల్లిన వ్యాపకముగ నుండిన మాట నిజమే. 1883లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమును స్థాపించిన యెనమండ్రలో ఇరువురే భారతీయులు. కాని కాలము మారినది. 1980లో హైదరాబాదునందు ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘ మేర్పడెను. నేడది దక్కన్ బర్డర్స్ అను పేరుతో నడచుచున్నది. ఆ సంఘము వారు నెలకొకసారి ఏదియో యొక చోటికి కలిసి పోవుదురు. తాము చూచినదానిని ‘పిట్ట’ అను తమ పత్రికలో ప్రకటించుచు వచ్చిరి. వారికి కావలసినది సంపద కాదు. తెల్లవారుజామున నిద్ర లేచు ఓపిక.

అయితే పట్టణము నుండి వచ్చువారు రెండు దినములుండి మరలిపోవుదురు. పక్షుల సంవత్సరమునకు పండ్రెండు నెలలు కలవు. ఊరిలోనే పుట్టి పెరుగుచున్న పిల్లల కన్నులకు గల సదుపాయము దూరము నుండి వచ్చిన దుర్భిణికి లేదు.

ఈ సీమలో పక్షుల పద్దును ఉగాదితో గాక తొలకరితో ప్రారంభించుట మేలు. నాలుగు వానలు పడినంతనే రోళ్లపాడు బయలు పచ్చబడును. అప్పుడు నేలనెమలి వచ్చెడిది. ఇది కోడిపెట్ట యంత పక్షి. వానకాలమున మగపక్షికి నల్లని యీకలు, తల వెనుక సన్నని కుచ్చులు వచ్చును. గడ్డిలో నిలిచి, ఉన్నట్లుండి నిలువెత్తున పైకెగిరి, రెక్కలు టపటపలాడించి మరల గడ్డిలో మునిగిపోవును. ఆడుపక్షి దృష్టి నాకర్షించుటకై దినమునకు వందలమారులు ఇట్లు దుముకును. నేడీ జాతి దేశమంతటను మిక్కిలి అరుదైనది. ఆ దినములలోనే నూతుల మీదికి వంగిన కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లల్లుట మొదలిడును. సగము గూడు కట్టి మగపక్షి ఆడుపక్షిని పిలుచును. ఆమెకు నచ్చనిచో ఆ గూడట్లే వ్రేలాడుచుండును. ఒక చెట్టున నున్న గూళ్లలో పూర్తియైనవెన్ని, సగములో విడిచినవెన్ని యని లెక్కించుట ఎనిమిదవ తరగతి పిల్లలకు చక్కని తొలి పాఠము.

దసరానాడు పాలపిట్టను చూచుట శుభమందురు. ఆనాడు కొందరు దానిని పట్టి, పంజరమున నుంచి, వీధివీధి త్రిప్పి చూపి డబ్బు పుచ్చుకొందురు. రెక్కలు నలిగిన పక్షిని చూచుటలో శుభమేమున్నదో పెద్దలే చెప్పవలెను. ఊరు దాటి అరకోసు నడచినచో టెలిగ్రాఫు తీగ మీదనో, చేని గట్టుననున్న చెట్టు కొననో అదియే కూర్చుండి కనబడును. ఎగిరినపుడు దాని రెక్కలలో విప్పారు నీలము పంజరములో నెన్నడును కనబడదు.

చలికాలము వచ్చునప్పటికి అతిథులు దిగుదురు. చెరువుగట్ల మీద కాటుకపిట్టలు తోకలాడించుచు తిరుగును. తలపై రెండు నల్లని అడ్డచారలు గల బాతులు హిమాలయములను దాటి వచ్చి జలాశయముల యొడ్డున వ్రాలును. అన్నిటికంటె చూడదగినది రోళ్లపాడులో సాయంకాలము. మధ్య ఆసియా మైదానముల నుండి వచ్చిన పిల్లిగద్దలు పగలంతయు చేలపై తక్కువ ఎత్తున తేలుచు మిడుతలను వేటాడి, ప్రొద్దు క్రుంకు వేళకు నలుదిక్కుల నుండి వచ్చి గడ్డిలో నేలపైననే పండుకొనును. ఆ బయలులో ఇవి వందలకొలదిగా కూడిన సంవత్సరములు కలవు. గద్దలనగా చెట్టున నుండునవి యని చదివినవారికి ఇది వింతగా దోచును. ఈ గద్దలు ఒక్కొక్కటి దినమునకెన్ని మిడుతలను తినుచున్నవో యోచించిన రైతు వానిపై రాయి విసరడు. 1987 నుండి ఆసియా ఖండమున జనవరి నెలలో నీటిపక్షుల గణనము జరుగుచున్నది. అది ఇంచుమించు సంక్రాంతి దినములలోనే వచ్చును. కావున బడిపిల్లలు తమ యూరి చెరువు పద్దును దానికి జతచేయుటకు సెలవు చీటీ కూడ వ్రాయనక్కరలేదు.

వేసవి సంగతి కొంచెము వేరు. ఎండకు వెరచి ఎవ్వరును కదలని ఆ నెలలలోనే పొలంకలను చూడవలెను. పావురమంత యుండి, ఎండుగడ్డి రంగులో నేలతో కలిసిపోవు పక్షులివి. అన్ని గుంటలును ఎండి, ఒక్క మడుగు మిగిలినపుడు, ప్రొద్దెక్కిన తరువాత రోజును ఒకే వేళకు గుంపులుగా వచ్చి నీరు త్రాగి పోవును. మగపక్షి తన పొట్ట యీకలను నీటిలో తడిపి, ఆ తడిని దూరముననున్న పిల్లలకు మోసికొనిపోవును. పిల్లలు ఆ యీకలను చప్పరించి దాహము తీర్చుకొనును. కడవల కొలది నీరు మోసి తెచ్చుట యెట్టిదో యెరిగిన సీమవారికి ఈ పక్షి కష్టము వేరుగ వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇక రోళ్లపాడునకు పేరు తెచ్చిన బట్టమేక పిట్ట కథ చెప్పవలెను. మీటరు ఎత్తు, పదునైదు కిలోల వరకు తూకము గల పక్షి యిది. ఎగురగల పక్షులలో అత్యంత భారమైనవానిలో నొకటి. దీనిని జాతీయ పక్షిగా నెన్నుకొనవలెనని సలీం అలీ కోరెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కెను. 1980 ప్రాంతమున రోళ్లపాడు బయలులో బట్టమేక పిట్టలు గలవని తెలియగా బొంబాయి సంఘపు శాస్త్రజ్ఞులు వచ్చి సంవత్సరముల తరబడి పరిశోధించిరి. 1988లో 614 హెక్టారుల నేల అభయారణ్యముగ ప్రకటింపబడెను. కంచెలు వెలిసెను, గడ్డి పెరిగెను, కృష్ణజింకలు వర్ధిల్లెను. పిట్ట మాత్రము తగ్గుచు వచ్చెను.

కారణము కంచె లోపల లేదు. ఈ పక్షి కొన్ని వందల హెక్టారులతో తృప్తిపడునది కాదు. ఆడుపక్షి సాధారణముగ ఒక్కటే గ్రుడ్డు నేలపై పెట్టును. మేతకై చుట్టుపట్ల చేలలో చాల దూరము తిరుగును. జొన్న, పప్పుధాన్యములు పండు మెట్టచేలు దానికి ఇల్లు వంటివి. నీటివసతి కలిగి, పైరులు మారి, బీళ్లు తరిగి, మనుష్య సంచారము హెచ్చినకొలది దానికి నిలువ నీడ లేకపోయెను. మరియొక ప్రక్క జింకలు కంచె దాటి పైరులు మేయుటచే రైతులకు అభయారణ్యముపై విసుగు పుట్టెను. వారి విసుగు అన్యాయమని యెవరనగలరు? తన చేను మేసిన జింకను చూచి రైతు కవిత్వము చెప్పడు. పక్షిని కాపాడదలచినవారు రైతును పగవానిగ చేసికొనిన కార్యము సాగదని రోళ్లపాడు స్పష్టముగ చెప్పినది. నేడు దేశమున బట్టమేక పిట్టలు నూటయేబదికి మించి లేవని అంచనా; వానిలో హెచ్చుభాగము రాజస్థాన్ ఎడారిలో నున్నవి.

ఒక జాతి ఒక యూరిని విడిచిపోవునపుడు దండోరా వేయించి పోదు. నలుబది కనబడిన చోట ముప్పది కనబడును, పిమ్మట పది, ఆ పిమ్మట “మొన్న గొల్లవాడు చూచెనట” అను మాట మిగులును. సంవత్సరమున కొక్కమారు వచ్చి చూచువానికి ఈ తరుగుదల తెలియదు. నెలనెలా చూచి వ్రాసికొనువారికే తెలియును. పద్దులో “కనబడలేదు” అను పదమునకు “కనబడినది” అనుదానితో సమానమైన విలువ కలదు. కొత్తవారు ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడుదురు. ఏమియు చూడకుండ తిరిగివచ్చిన యుదయమును వారు పుస్తకమున నెక్కించరు. అదియే వారి పెద్ద తప్పు.

నేలకు విలువ కట్టు దినము తప్పక వచ్చును. ఓర్వకల్లు సమీపమున గని, శకునాల గ్రామముల వద్ద వేల యెకరముల మీద వేయి మెగావాట్ల సౌరవిద్యుత్తు కేంద్రము నెలకొని 2017లో పూర్తిస్థాయిలో పనిచేయనారంభించెను. విద్యుత్తు వలదనుట అవివేకము. కాని ఏ బయలునైనను ఒక పనికి కేటాయించునపుడు అచ్చట నేమేమి నివసించుచున్నదో చెప్పగల పుస్తకము ఊరిలో నొకరియొద్దనైన నుండవలెను. పుస్తకము లేనిచోట ‘బంజరు’ అను దస్తరపు మాటయే చెల్లును.

చెప్పగల పద్దు ఉన్నచో నేమగునో తెలియవలెనన్న కడప వైపు పోవలెను. కలివికోడి రాత్రులందు మాత్రమే సంచరించు చిన్న పక్షి. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టీలు గలది. పొదల సందులలోని ఖాళీ నేలపై పరుగులిడుచు పురుగులను ఏరుకొని తినును. మద్రాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ సంపాదించిన పక్షిని బట్టి 1848లో శాస్త్రలోకమునకు ఇది తెలిసెను. 1900లో అనంతపురము సమీపమున కాంప్‌బెల్ అను నతడు చూచిన పిమ్మట ఎనుబదియారేండ్లు ఏ శాస్త్రజ్ఞునికిని ఇది కనబడలేదు. నశించిపోయినదనియే పలువురు తలచిరి.

1980 తరువాత బొంబాయి సంఘమువారు మరల వెదకనారంభించిరి. భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుడు పక్షి చిత్రమును చూపుచు పల్లెలలో విచారించెను. శాస్త్రజ్ఞులు నశించినదనుకొన్న పక్షికి ఆ పల్లెలలో పేరు కలదు! కలివి పొదలలో నుండును గనుక కలివికోడి యని జనులు దానిని పిలుచుచునే యుండిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న యను వేటగాడు ఒక రాత్రి దీపపు వెలుగులో దానిని చూచి, ప్రాణములతో పట్టి తెచ్చెను. బంధింపబడిన ఆ పక్షి ఎన్నో దినములు బ్రదుకలేదు. కాని జాతి బ్రదికియున్నదని లోకమునకు తెలిసెను. జీవితమంతయు పక్షులకే అర్పించిన సలీం అలీ ఈ వార్త విన్న మరుసటి యేట, 1987లో, కన్నుమూసెను.

ఈ వృత్తాంతమున ఐతన్న పాత్రను కొందరు ఒక్క వాక్యముతో దాటవేయుదురు. అది సరికాదు. పగటివేళ వెదకిన చదువరులకు దొరకని పక్షి, రాత్రి అడవి నెరిగినవానికి దొరకెను. ఊరి పేరు, పొద పేరు, పక్షి పేరు మూడును అతని నోట నుండెను. కావున పక్షి వీక్షకుల సంఘమనునది ఏ యూర నేర్పడినను, దానిలో ఒక గొర్రెలకాపరికి, ఒక కట్టెలు కొట్టువానికి, ఒక పాత వేటగానికి చోటుండి తీరవలెను. వారిని దారి చూపు కూలివారిగ గాక సభ్యులుగ పిలువవలెను. కలివికోడి విషయమున దీనికి మరియొక కారణము కూడ కలదు. పొద మరీ దట్టమైనను ఆ పక్షికి పనికిరాదు. పొదలు నరికి నిమ్మతోట వేసినను పనికిరాదు. గొర్రెలు, మేకలు కొంత మేసి, సందులు మిగిల్చిన చిట్టడవియే దానికి తగినది. అనగా కాపరి ఆ యడవికి కేవలము శత్రువు కాడు.

1988లో లంకమల ప్రాంతము అభయారణ్యమయ్యెను. పిమ్మట తెలుగుగంగ కాలువ వచ్చెను. రాయలసీమకు నీరు వలదని ఎవ్వరును అనజాలరు. నీటి చుక్కకై తరతరములుగ ఎదురుచూచిన సీమ యిది. కాని కాలువ త్రవ్వవలసిన దారి కలివికోడి తిరుగాడు పొదల మీదుగనే పోవుచుండెను. 2005లో త్రవ్వకము ఆ పొదలను తాకగా వివాదము సుప్రీంకోర్టు నియమించిన సంఘము వరకు పోయెను. తుదకు కాలువ దారి మార్చబడెను. నీరును విడువలేదు, పక్షిని విడువలేదు. ఇది యెట్లు సాధ్యమయ్యెను? పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరచి, రాత్రి నడచిన పక్షి పాదముద్రలను ప్రతియుదయము కొలిచి వ్రాసియుండిరి; సంధ్యవేళ కూతలను విని, చోటు, వేళ గుర్తించియుండిరి. ఆ పాదముద్రల పుస్తకము లేకున్నచో “ఇచ్చట పక్షి కలదు” అను మాటను ఎవరు నమ్మెడివారు?

అటుపిమ్మట మరల చాల యేండ్లు కలివికోడి జాడ తెలియలేదు. నిరాశ ముదిరినది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే పక్షి వీక్షకుల బృందమొకటి దాని కూతను విని యంత్రమున ముద్రించెను. ప్రభుత్వ యాత్ర గాదు, పెద్ద పరిశోధనాలయము గాదు. ఓపికతో చెవియొగ్గిన కొందరు మిత్రులు.

మిత్రులు కలిసి పోవుటలో మరియొక లాభము కూడ కలదు. ఒంటిగా పోయినవాడు తాను చూడగోరినదానినే చూచును. ఎండుటాకుల నడుమ పరుగెత్తిన కౌజును చూచి అపూర్వ పక్షిని కనుగొంటినని మురిసి యింటికి పోవును. ప్రక్కన మరి నలుగురున్నచో ఒకడు తోక చూచును, ఒకడు కూత వినును, ఒకడు “కాలు ఏ రంగు?” అని యడుగును. వాదము జరుగును. పెద్దవాడనిన మాటను చిన్నవాడు కాదనుటకు ఇంతకంటె మంచి తావు లేదు. పక్షి మరల ఎగిరినచో చిన్నవాని మాటయే నిజమగుట పలుమారులు జరుగును.

అయితే గుంపు ముప్పదిమందికి పెరిగినచో అది వనభోజనమగును. ఆనాడు ఫలహారపు పొట్లములపైనున్న చూపు పొదలపై నుండదు. పది పండ్రెండుగురు చాలుదురు. మట్టిరంగు బట్టలు, మెల్లని నడక, ఒక పుస్తకము, ఒక పెన్సిలు కావలెను. దుర్భిణి ఒకటున్న చాలును, వంతులవారీగ చూడవచ్చును. నేడు చేతిలోని ఫోనులో పక్షి కూతను మ్రోగించి, దానిని బయటికి రప్పించు అలవాటొకటి ప్రబలినది. గూటిలో నున్న పిల్లలను విడిచి, లేని శత్రువుతో పోరాడుటకు ఆ పక్షి పరుగెత్తి వచ్చును. ఛాయాచిత్రము చక్కగనే వచ్చును. గూడు సంగతి ఆ చిత్రములో కనబడదు. అరుదైన పక్షి గూడుంచిన చోటును పదిమందికి చాటుటయు ఇట్టిదే. పద్దులో చోటు వ్రాయవలెను గాని, పద్దును సంతలో చదువరాదు.

లంకమలలో రాత్రివేళ తిరుగుటకు అటవీశాఖవారి యనుమతి కావలెను. అది లేకున్నను చింతలేదు. అభయారణ్యము వెలుపల, ఊరి చివరనున్న కలివి పొదల ప్రక్క, ఉపాధ్యాయునితోను కాపరితోను కూడి పిల్లలు ప్రొద్దుగ్రుంకునప్పటికి కూర్చుండవచ్చును. సూర్యాస్తమయమైన పిదప ఒక గంటసేపు మాటలాడకుండ వినవలెను. కలివికోడి కూసినచో ఆ వేళలోనే, అదియు కొద్ది నిమిషములే కూయును. మొదట తీతువు అరచును. అది అశుభమని ఒకడు గుసగుసలాడును. గ్రుడ్లున్నవేమో, అందుకే అరచుచున్నదని కాపరి చెప్పును. చీకటి చిక్కబడిన తరువాత, కడపబండపై విసిరిన గులకరాయి దొర్లినట్లు, కప్పపిట్ట కూత వినబడును. ఆ పిమ్మట ఏమియు వినబడదు. పుస్తకము పట్టినవాడు దీపపు వెలుగును అరచేత మరుగుపరచి, తేది, వేళ, చోటు వ్రాసి, వాని క్రింద “తీతువు రెండు, కప్పపిట్ట ఒకటి, కలివికోడి, వినబడలేదు” అని వ్రాయును. వచ్చు నెల ఏ దినమున రావలెనో కాపరిని అడుగును.